మేధోమథనం: ముందు రాత, తర్వాత మాట

కొత్త ఆలోచన కావాలంటే పదిమందీ కూర్చుని మాట్లాడుకోవాలన్నది కార్యాలయాల్లో పాతుకుపోయిన నమ్మకం. దీనికి 'మేధోమథనం'గా రూపమిచ్చింది అమెరికా ప్రకటనల రంగ నిపుణుడు అలెక్స్ ఆస్‌బర్న్. ఎవరినీ విమర్శించకూడదు, వింతగా తోచినా చెప్పేయాలి, ఎన్ని ఆలోచనలు వస్తే అంత మంచిది అన్నవి ఆయన సూత్రాలు.

1958లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం ఈ నమ్మకాన్ని ప్రశ్నించింది. నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటి కంటే, మరో నలుగురు విడివిడిగా ఆలోచించినవాటిని కలిపితేనే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. దీనికి ముఖ్య కారణాన్ని 1987లో డీల్, స్ట్రోబ అనే మనస్తత్వవేత్తలు చూపించారు. సమావేశంలో ఒకసారికి ఒకరే మాట్లాడగలరు. తమ వంతు వచ్చేలోగా మిగిలినవారి ఆలోచన జారిపోతుంది.

ఈ చిక్కుకు కంప్యూటర్ ఒక పరిష్కారం చూపింది. 1980లలో అరిజోనా విశ్వవిద్యాలయం రూపొందించిన సమావేశ వ్యవస్థలో అందరూ ఒకేసారి టైపు చేయవచ్చు. రాసినది పేరు లేకుండా ఇతరుల తెరపై కనిపిస్తుంది. 1992లో వెలువడిన ప్రయోగాల్లో పన్నెండుమంది బృందాలు నోటితో చెప్పినప్పటి కంటే ఇలా రాసినప్పుడే ఎక్కువ ఆలోచనలు ఇచ్చాయి.

నేటి వీడియో సమావేశాలు మాత్రం కంప్యూటర్‌ను తెచ్చుకుని, దాని అసలు మేలును వదిలేశాయి. అక్కడా ఒకరు మాట్లాడితే మిగిలినవారు ఆగాల్సిందే. పైగా, 2022లో 'నేచర్' పత్రిక ప్రచురించిన అధ్యయనంలో భారత్ సహా ఐదు దేశాల ఇంజినీర్లు జంటలుగా పాల్గొన్నారు. ఎదురెదురుగా కూర్చున్నవారి కంటే వీడియోలో కలిసినవారికి తక్కువ ఆలోచనలు తట్టాయి. చూపు తెరకే అతుక్కుపోతే ఆలోచన పరిధీ కుంచించుకుపోతుందని పరిశోధకుల వివరణ. అయితే వచ్చినవాటిలో మంచిదాన్ని ఎంచుకోవడంలో వీడియో జంటలు వెనకబడలేదు.

మన కార్యాలయాలకు ఇందులో గట్టి పాఠముంది. పై అధికారి ముందుగా నోరు విప్పితే 'సార్ చెప్పిందే బాగుంది' అనడంతో చర్చ ముగుస్తుంది. కొత్తగా చేరిన ఉద్యోగి, ఇంగ్లిష్‌లో తడబడే సిబ్బంది మౌనంగా ఉండిపోతారు. అందుకే మొదటి పది నిమిషాలు మైకులు ఆపి, అధికారితో సహా అందరూ ఉమ్మడి పత్రంలో పేరు లేకుండా రాయాలి. తెలుగులో రాసే వీలూ ఉండాలి. ఆ తర్వాతే చర్చ, ఎంపిక.

పేరు లేకపోతే బాధ్యత ఉండదన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. ఎంపికయ్యాక ఆలోచన ఇచ్చినవారు ముందుకొచ్చి గుర్తింపు పొందవచ్చు. హోదా చూసి కాక, విషయం చూసి ఆలోచనను తూచడమే ముఖ్యం. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, అధికారి పది నిమిషాలు మాట్లాడకుండా ఉంటే చాలు.