బిడ్డ ఆటకు కంప్యూటరు: క్రొత్తదా, బాగుచేసినదా?

సూరత్తు నగరమున లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో తెలంగాణము నుండి వలసవచ్చి మరమగ్గములపై జీవించు తెలుగు కుటుంబములు పెక్కు గలవు. అట్టి యిండ్లలోను నేడు పిల్లలు ఆటల కంప్యూటరు కోరుచున్నారు. క్రొత్తదానికై అప్పుచేసి నెలనెల వాయిదాలు కట్టుటకంటె, కార్యాలయములలో వాడిన పిదప బాగుచేసి అమ్ము బల్లమీది కంప్యూటరును కొనుటయే మేలని మా యభిప్రాయము. పాతదని చిన్నతనపడ నక్కరలేదు.

దానికి ఎస్.ఎస్.డి., 16 జీబీ ర్యాము, చిన్న గ్రాఫిక్సు కార్డు చేర్చినచో పిల్లల ఆటలలో పెక్కింటికి చాలును. కార్డు కొనకముందే అది పెట్టెలో పట్టునా, లోపలి పవరు సప్లయి దానిని మోయగలదా యని విచారింపుడు. కార్యాలయపు యంత్రములలో ఈ లోపము తరచుగా నుండును. అరగంటసేపు ఆట నడిపించి వేడిని, ఫ్యాను చప్పుడును గమనింపుడు. వారంటీని కాగితముపై వ్రాసియీయని దుకాణమును విడిచిపెట్టుడు.

మిగిలిన సొమ్ము మంచి తెరకును, వీపున కానికగల కుర్చీకిని వెచ్చింపుడు. ల్యాపుటాపులో తెర క్రిందుగా నుండుటచే బిడ్డ మెడ వంగును. విడి తెరను చేయిచాపు దూరమున, పైయంచు కంటిమట్టమున నిలుపవచ్చును.

యంత్రమును పడకగదిలో నుంచరాదందురు. ఒంటిగది కాపురములో వేరుగా పడకగది యెక్కడిది? అచట రాత్రి ప్లగ్గు తీసివేయుటయే ఉపాయము. 2022లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనము చేరినది. ఆడు పిల్లలందరికిని అది కలుగదు. చదువు, నిద్ర చెడుచున్నను నెలల తరబడి ఆట మానలేనిచో వైద్యునికి చూపుడు. పగటి వెలుతురులో ఆరుబయట ఆడు పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువగా కలుగును. కనుక కంప్యూటరు వచ్చినదని వీధి ఆట మాన్పింపకుడు.