కూలీల ప్రాణరక్షణము: యజమానుల బాధ్యత

పాలమూరు కూలీలు త్రవ్వని కాలువ, కట్టని ఆనకట్ట దేశమున అరుదు. నేడు ఆ సీమకు నీరు దెచ్చు పనులకు పరరాష్ట్రముల కూలీలు వచ్చుచున్నారు. 2022 జూలై మాసాంతమున కొల్లాపూర్ మండలమున పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పనులయందు క్రేను వైరు తెగి ఐదుగురు కూలీలు మృతినొందిరి. 2025 ఫిబ్రవరి 22న ఆ నాగర్‌కర్నూలు జిల్లాలోనే దోమలపెంట యొద్ద శ్రీశైలము ఎడమగట్టు సొరంగపు కప్పు కూలి ఎనమండుగురు చిక్కుకొనిరి. ఒక్కరును సజీవులై వెలికి రాలేదు.

ప్రమాదమైనంతనే సంతాపము, పిదప పరిహారము, ఆపై విస్మృతి: ఇది మనకు పరిపాటియైనది. పరిహార మిచ్చినంత మాత్రమున యజమాని ఋణము తీరదు. 2020లో శాసనమై 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి, పనిచోటును అపాయరహితముగా నుంచుట యజమాని విధియని నిర్దేశించుచున్నది. విధి తప్పుటచే ప్రాణహాని కలిగినచో రెండేండ్ల వరకు కారాగారము గాని, ఐదు లక్షలకు తగ్గని జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పదిమందియు నంతకు మించియు పనివారున్నచోట స్త్రీలపై లైంగిక వేధింపులను విచారించు సంఘ ముండవలెనని 2013 నాటి చట్టము శాసించినది.

అయినను కంపెనీ, కంట్రాక్టరు, గుంపు మేస్త్రీ అను మెట్లపై బాధ్యత జారిపోవుచున్నది. యంత్రముల తనిఖీ వివరములు పనిచోటనే, కూలీల భాషయందే ప్రకటింపబడవలెను. ఇల్లు కట్టించువారును, మిల్లు నడపువారును ఇది తమకు కాదనుకొనరాదు. మన పరంజి నెక్కినవాని ప్రాణమునకు మనమే పూచీ.