నిలబడే కొలువు

పండుగ సమీపించగానే మనం కుటుంబసమేతంగా ఊరూరా శాఖలున్న పెద్ద వస్త్ర దుకాణాలకు వెళతాం. మనల్ని కూర్చోబెట్టి, ఇరవై చీరలు విప్పి చూపి, మనం ఒక్కటీ కొనకపోయినా చిరునవ్వుతో మడతపెట్టే అమ్మాయి ఉదయం నుండి నిలబడే ఉంటుంది. కాళ్ళ వాపులు, నడుము నొప్పి, మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుందేమోనని దాహాన్ని అణచుకోవడం—ఇవన్నీ ఆ కొలువులో భాగాలే.

కేరళలోని కోళికోడ్‌లో దుకాణాల మహిళా కార్మికులు ‘పెణ్‌కూట్టు’ పేరిట సంఘటితమై, కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ ఆ హక్కును చట్టంలో చేర్చింది. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. అలసిన మనిషి కాసేపు కూర్చోవడానికి చట్టమే కావలసి వచ్చింది!

అయితే చట్టం కుర్చీని మాత్రమే వేయించగలదు. అందులో కూర్చున్న అమ్మాయిని చూసి మనం ముఖం చిట్లిస్తే, యజమాని ఆమెను మళ్ళీ నిలబెడతాడు. కొనేవారి మర్యాద కోసమే ఆమెను నిలబెడుతున్నప్పుడు, ఆ మర్యాద మాకు అక్కరలేదని చెప్పవలసింది మనమే. ఈసారి వెళ్ళినప్పుడు “కూర్చునే చూపించమ్మా” అందాం. దుకాణం మూసే వేళకు వెళ్ళి బేరాలు సాగదీయకుండా ఉందాం. ఆమె కోసం ఎదురుచూసే ఇల్లు ఆమెకూ ఉంది.