ముందు కాటా, తరువాతే స్ప్రింగు

ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొత్తగా కొన్న మా పెర్తు తెలుగు మిత్రులు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కటే. "రెండంగుళాలు లేపిస్తే చాలునా, మూడు లేపించాలా?" బండి ఎంత బరువు మోయబోతున్నదో చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. నా మటుకు నాకు అసలు ప్రశ్న అదే. ఎత్తు దాని తరువాతి సంగతి.

పైనుంచి హితవు చెబుతున్నానని అనుకోకండి. 2018లో పిల్లలతో కింబర్లీ ప్రాంతపు గిబ్ రివర్ రోడ్డుకు బయలుదేరే ముందు నేనూ ఆ తప్పే చేశాను. అంగడివాడు "దూరప్రయాణం కదా, అన్నిటికంటె గట్టివి వేయించండి" అన్నాడు. గట్టిదంటే మంచిదేనని నేనూ తలూపాను. యాత్ర నెల రోజులు. మిగిలిన పదకొండు నెలలూ ఆ ప్రాడో ఖాళీగా ఆఫీసుకూ కూరల అంగడికీ తిరిగేదే. చిన్న గతుకు తగిలినా వెనుక సీటువారిని ఎగరేసేది. మా అమ్మగారు రెండు వారాలు ఓర్చుకుని, ఇక ఆ బండి ఎక్కనని తెగేసి చెప్పారు.

స్ప్రింగు పని వేరు, షాక్ అబ్జార్బరు పని వేరు. స్ప్రింగు బరువు మోస్తుంది, గతుకు తగిలినప్పుడు శక్తిని దాచుకుని మరుక్షణమే తిరిగి ఇచ్చేస్తుంది. ఆ శక్తిని ఖర్చు చేసేవారు లేకపోతే బండి ఊగుతూనే ఉంటుంది. షాక్ అబ్జార్బరు లోపలి నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టి ఆ ఊపును వేడిగా మారుస్తుంది. స్ప్రింగు గట్టిపడితే అది తిరిగి ఇచ్చే తోపు కూడా పెరుగుతుంది. నేను స్ప్రింగులు మార్చి పాత షాకులనే ఉంచుకున్నాను, డబ్బు మిగిలిందని సంతోషిస్తూ.

ఆ సంతోషం మూడవనాటి మధ్యాహ్నంతో సరి. గిబ్ రివర్ రోడ్డు దాదాపు 660 కిలోమీటర్లు, అందులో చాలా భాగం మట్టిదారి. వాహనాల తాకిడికి దారి మీద అలలు తేలి ఉంటాయి. రేకుల షెడ్డు కప్పు మీద బండి నడిపినట్లే! గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. అలకూ అలకూ నడుమ ముప్పావు మీటరు ఉందనుకుంటే, షాక్ అబ్జార్బరు సెకనుకు ముప్పై దెబ్బలు తినాలి, గంటల తరబడి. నూనె కాగుతుంది, పలచబడుతుంది, గాలి కలిసి నురగ కడుతుంది. నురగకు ఊపును ఆపే శక్తి ఎక్కడిది? మా వెనుక షాకు ఒకటి సీలు తెగి నూనె కక్కింది. మరుసటి మలుపులో బండి వెనుకభాగం దానంతటది పక్కకు గెంతింది. రోడ్డు దిగి, పొదల ముందు ఆగింది. అంతవరకు పోట్లాడుకుంటున్న పిల్లలిద్దరూ ఒక్కసారిగా మౌనమైపోయారు. ఆ మౌనం నాకింకా గుర్తుంది.

తిరిగి వచ్చిన తరువాత, అదే సామానుతో, అందరం కూర్చుని, బండిని కాటా ఎక్కించాము. ముందు ఇరుసు వేరుగా, వెనుక ఇరుసు వేరుగా. మూడు వందల కిలోలు ఉంటుందనుకున్నది అయిదు వందల నలభై తేలింది. నీళ్ళే 80 కిలోలు. 150 లీటర్ల డీజిలు సుమారు 125 కిలోలు. పైగా బరువంతా వెనుకే. మా తాతగారు ఎడ్లబండికి బస్తాలు వేసేటప్పుడు ముందువెనుకలు చూసి మరీ సర్దించేవారు. వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ పట్టేస్తుందని. మోటారు బండికి మెడ లేదు గాని, ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు, రాత్రివేళ దీపాలు చెట్ల కొమ్మలను చూపిస్తాయి.

అందుచేత నా అభిప్రాయం ఇది. ఉక్కు బంపరు, అరల పెట్టె వంటి ఎన్నడూ దిగని బరువును లెక్కకట్టి దానికి తగిన స్ప్రింగు వేయించుకోండి. యాత్రకు మాత్రమే ఎక్కే బరువుకు కాయిల్ లోపల అమర్చే గాలిసంచులు చాలు. (కమాను కట్టల బండ్లకు ఈ సలహా వర్తించదు. సంచి ఒక్కచోటే తోసి ఛాసిస్ వంగిన బండ్లున్నాయి.) మిగిలిన డబ్బంతా షాకుల మీద పెట్టండి. లావుపాటివి, నూనె ఎక్కువ పట్టేవి, నురగ కట్టకుండా నైట్రోజన్ నింపినవి. మోనోట్యూబు వేడిని త్వరగా వదులుతుంది, నిజమే. కాని రాయి తగిలి దాని గొట్టం సొట్టపడితే పిస్టను ఇరుక్కుపోతుంది. రాళ్ళదారికి నేను రెండు గొట్టాల రకాన్నే ఎంచుకుంటాను. టైర్లలో గాలి తగ్గించి, వేగం తగ్గిస్తే ఏ షాకైనా మరికొంతకాలం బతుకుతుంది.

ఇంకొక మాట. గట్టి స్ప్రింగులు వేయించినంత మాత్రాన చట్టం అనుమతించే మొత్తం బరువు పెరగదు. దానికి వేరే ధ్రువీకరణ ఉంది. బ్రేకులు, ఇరుసులు మాత్రం పాతవే కదా!

రెండవ యాత్రకు ముందు సామానంతా వాకిట్లో పరచి 110 కిలోలు తీసివేశాము. పైకప్పు రాకు, రెండవ గుడారం, మడత కుర్చీలు, నా పుస్తకాల పెట్టె అన్నీ ఇంట్లోనే ఉండిపోయాయి. ఆవకాయ జాడీని దింపడానికి మాత్రం మా అమ్మగారు ఒప్పుకోలేదు. ఆవిడ కూడా బండెక్కారు కాబట్టి నేనూ వాదించలేదు.