తల్లి పనికి వెళితే పసివాడికి కాపలా ఎవరు?

తెల్లవారకముందే భీమిలి తీరపు పల్లెల నుంచి చేపల గంపలతో, ఆనందపురం వైపు నుంచి పూలు, కూరల మూటలతో ఆడవాళ్లు విశాఖ దారి పడతారు. పద్మనాభం, పెందుర్తి మండలాల నుంచి ఇళ్ల కట్టడం పనులకు వెళ్లేవారూ ఉన్నారు. రేవు, ఉక్కు కర్మాగారం పెరిగినకొద్దీ చుట్టుపక్కల ఊళ్లకు కూలి దొరికింది. కాని ఇంట్లో మిగిలేది చూపు ఆనని ముసలమ్మ, ఆమె మీద వదిలిన రెండేళ్ల పసివాడు.

అలాంటి ఇంట్లో బిడ్డ నీళ్ల గోలెంలో పడినా, గంజి ఒలికి ఒళ్లు కాలినా తల్లిదే తప్పనడం పరిపాటి. ఆమె బిడ్డను ఎవరికి అప్పగించి వెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పరు.

బంగాళాఖాతానికి ఆ ఒడ్డున ఉన్న బంగ్లాదేశ్‌లో ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. అక్కడ ఇంటి వెనకే చెరువు. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలు ఎక్కువగా చనిపోయేది నీటమునిగే. ‘అంచల్’ పేరుతో ఊరిలోనే ఒక మహిళ ఇంట ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు పిల్లలను ఉంచి, ఆటపాటలు నేర్పారు. తల్లులు పనిలో మునిగి ఉండే వేళ అదే. ఆ పిల్లల్లో నీటి మరణాలు బాగా తగ్గాయి. ఊళ్లలో శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది.

మన దేశంలో అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. యాభై ఏళ్లు దాటాయి. మూడేళ్లు నిండినవారు కేంద్రానికి వస్తారు. ఆ లోపు వారికి బాలామృతం, గుడ్లు ఇంటికి ఇస్తారు. అంటే నడక వచ్చి, భయం తెలియని వయసులో బిడ్డ ఇంటి దగ్గరే. తిండి సంగతి ప్రభుత్వం చూస్తోంది సరే, కాపలా సంగతి?

దీనికి ‘పాల్నా’ పథకం ఉంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను రోజుకు ఏడున్నర గంటలు చూసుకునే అంగన్‌వాడీ శిశుగృహాలు ఇందులో ఉన్నాయి. దేశం మొత్తానికి 17,000 పెట్టాలన్నది లక్ష్యం. అంగన్‌వాడీలేమో సుమారు 14 లక్షలు. నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ, అంతే.

ఉన్న కార్యకర్త మీదే ఈ భారమూ వేయడం కుదరదు. నెలకు 11,500 రూపాయల వేతనం చాలదని రాష్ట్రంలో అంగన్‌వాడీ సిబ్బంది 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. శిశుగృహానికి వేరే మనిషి, వేరే జీతం కావాలి.

చట్టాల మాటకొస్తే, 30 మందికి మించి స్త్రీలున్న చోట శిశుగృహం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లు 50 మంది పనివారున్న సంస్థల గురించి చెబుతున్నాయి. చేపలు అమ్ముకునే మనిషికి యజమానే లేడు. ఆమెకు ఏ కోడ్ వర్తిస్తుంది?

ఈలోగా ఇంట్లో చేయగలవి లేకపోలేదు. గోలేనికి గట్టి మూత పెట్టాలి. పురుగుమందును కూల్‌డ్రింకు సీసాలో పోయకూడదు. ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు మామూలు చన్నీళ్లు ధారగా పోయాలి. సిరా, టూత్‌పేస్టు పూయరాదు. ట్రంకుపెట్టెలో దాచిన తల్లీబిడ్డల రక్షణ కార్డును సూదుల తేదీలకే తీస్తుంటారు. బిడ్డ ఏ నెలకు కూర్చోవాలి, ఎప్పటికి మాటలు రావాలి అన్నది కూడా బొమ్మలతో అందులోనే ఉంది. వెనుకబడినట్లు అనిపిస్తే ‘ఆలస్యంగా వస్తాయిలే’ అనుకోక ఆశా కార్యకర్తకు చూపించాలి.

పిల్లల పేర్లు అంగన్‌వాడీ రిజిస్టరులో ఉన్నాయి. ఏ తల్లి ఎన్నింటికి పనికి వెళ్లి ఎన్నింటికి తిరిగి వస్తుందో ఆ పక్కనే రాసుకుని గ్రామసభలో పెడితే, ఊరికి శిశుగృహం ఏ వేళల్లో కావాలో అధికారులకు లెక్కతో సహా చూపించవచ్చు.