దోమలు ముందే చెప్పాయి

2012 ఆగస్టు సంగతి. అప్పట్లో నేను డాలస్ శివార్లలో ఒక అపార్టుమెంటులో ఉండేవాణ్ణి. ఆ వేసవికి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. ఒక రాత్రి చిన్న విమానాలు మా బాల్కనీ మీదుగా బాగా కిందగా తిరుగుతుంటే నాన్న "ఏంట్రా ఈ గోల?" అన్నారు. దోమల మందు కొడుతున్నారంటే ఆయన ఓ పట్టాన నమ్మలేదు. "అమెరికాలో దోమలా! అదీ విమానం ఎక్కి కొట్టేటన్నా!" అని ఒకటే నవ్వు.

నవ్వే విషయం కాదు లెండి. ఆ ఏడాది ఒక్క డాలస్ కౌంటీలోనే 398 వెస్ట్ నైల్ కేసులు తేలాయి. వాటిలో 173 మందికి వైరస్ మెదడుకో, నరాలకో పాకింది. 19 మంది పోయారు. అక్కడ విమానాలతో మందు కొట్టడం 1966 తరవాత మళ్ళీ అప్పుడే.

ఈ వైరస్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. దీన్ని 1937లో ఉగాండాలోని వెస్ట్ నైల్ జిల్లాలో కనుక్కున్నారు, అమెరికాలో 1999లో న్యూయార్క్‌లో బయటపడింది. దీని అసలు కాపురం పక్షుల్లో. పక్షిని కుట్టిన క్యూలెక్స్ దోమ మనల్ని కుడితే మనకి వస్తుంది. సోకిన పదిమందిలో ఎనిమిదిమందికి ఏమీ తెలియదు, ఇద్దరికి జ్వరం. నూటయాభైమందిలో సుమారు ఒకరికి మాత్రం ప్రాణం మీదకొస్తుంది. పెద్ద వయసువాళ్ళకి ప్రమాదం ఎక్కువ. గుర్రాలకి టీకా ఉంది గానీ మనుషులకి ఇంకా లేదు. డాలస్‌లో దీన్ని మోసే దోమ మనకి కొత్తదేమీ కాదు, మన దగ్గర బోదకాలు అంటించే క్యూలెక్స్ దోమే.

ఇప్పుడు అసలు విషయం. అక్కడ దోమల మీద నిఘా లేదా అంటే, ఉంది. పద్ధతి కూడా భలేగా ఉంటుంది. ఒక టబ్బులో గడ్డి కుళ్ళబెట్టిన కంపు నీళ్ళు పోసి, పైన బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను పెడతారు. గుడ్లు పెట్టడానికి నీళ్ళు వెతుక్కుంటూ వచ్చిన ఆడదోమని ఆ ఫ్యాను వలసంచిలోకి లాగేస్తుంది. గుడ్లు పెట్టే దోమ అంటే అప్పటికే ఎవరిదో రక్తం తాగిందన్నమాట, కాబట్టి వైరస్ దొరికే అవకాశం ఎక్కువ. పొద్దున్నే ఆ దోమల్ని ల్యాబుకి పట్టుకెళ్ళి, జాతులవారీగా ఏరి, యాభైకి మించకుండా గుంపులు కట్టి పీసీఆర్ పరీక్ష చేస్తారు.

అక్కణ్ణుంచి లెక్క తేలికే. ఒక రాత్రికి ఒక బోనులో సగటున ఎన్ని దోమలు పడ్డాయి, వాటిలో ఎన్నో వంతుకి వైరస్ ఉంది, ఈ రెంటినీ గుణిస్తే వెక్టర్ ఇండెక్స్ వస్తుంది. 80 దోమలు పడి, వెయ్యికి అయిదింట్లో వైరస్ ఉంటే ఇండెక్స్ 0.4.

2013లో జామా పత్రికలో డాలస్ ఉపద్రవం మీద ఒక పరిశోధన వచ్చింది. దాని ప్రకారం ఈ ఇండెక్స్ పెరిగిన ఒకటి రెండు వారాలకే మనుషులు జబ్బుపడ్డం పెరిగింది. కేసులు ఎక్కువగా గుమిగూడింది కూడా అంతకుముందు సంవత్సరాల్లో వైరస్ కనబడిన చోట్లే. ఇంకో సంగతి, చలికాలంలో బాగా గడ్డకట్టే రోజులు తక్కువైన ఏడాది జబ్బు ఎక్కువట. అంటే దోమలు వేసవి మొదట్లోనే చెప్పడం మొదలెట్టాయి. విమానాలు మాత్రం ఆగస్టులో లేచాయి.

మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. డిస్కు 90 శాతం నిండిందని అలర్టు వస్తూనే ఉంటుంది, అందరి మెయిల్లో ఒక ఫోల్డర్లోకి పోతూనే ఉంటుంది. కస్టమర్ ఫోన్ చేశాక అందరం కాల్ మీదకి ఎక్కుతాం. రోగుల లెక్క చూసి కదలడం అచ్చంగా కస్టమర్ ఫోన్ కోసం ఆగడమే. దోమ కుట్టాక జ్వరం రావడానికి రెండు రోజుల నుంచి రెండు వారాలు, ఆ తరవాత డాక్టరు, పరీక్ష, రిపోర్టు... ఆ అంకె ఆరోగ్యశాఖకి చేరేసరికి అది ఎప్పటి సంగతో.

కాబట్టి నేననేది ఒకటే. నిఘాకి డబ్బు పెట్టడంతో పని అయిపోదు. ఇండెక్స్ ఎంత దాటితే ఎవరు ఏం చెయ్యాలో చలికాలంలోనే, తాపీగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోవాలి. ఈ అంకెకి కాలవల్లో లార్వా మందు, ఆ అంకెకి వీధుల్లో ట్రక్కులు, ఇంకా పైకి పోతే విమానం. డాలస్‌లో అప్పుడు విమానం విషయం ఏ ఊరికా ఊరు ఒప్పుకుంటే గానీ కుదరలేదు. దోమకి మునిసిపాలిటీ హద్దులు తెలుస్తాయా? నిఘా ప్రాంతానికంతటికీ ఒకటైనప్పుడు నిర్ణయం కూడా అలాగే ఉండాలి కదా.

మందు వద్దన్నవాళ్ళని నేను తీసిపారెయ్యను. తేనెటీగలు, ఆస్తమా ఉన్న పిల్లలు... వాళ్ళ భయాలు వాళ్ళవి. అదే పరిశోధనలో మందు కొట్టాక ఊపిరి ఇబ్బందులతోనో, దద్దుర్లతోనో ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ళు పెరగలేదని తేలింది. కానీ ఈ వాదన తేల్చుకోవాల్సింది జనం ఆస్పత్రుల్లో ఉన్నప్పుడు కాదు. ముందు మేలుకుని లార్వాల దగ్గరే పట్టుకుంటే విమానం దాకా పోయే అవసరం కూడా తగ్గుతుంది.

మన దగ్గరికొస్తే... 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా పరాన్నజీవిని చూసింది సికిందరాబాదులోనే. అయినా ఇవాళ డెంగీ వచ్చిందంటే పేపర్లో మనకి కనబడేది ఆస్పత్రి లెక్కే. మా కాలనీలో దోమలెన్ని, వాటిలో వైరస్ ఉందా అన్నది మామూలు మనిషికి చేరదు.

అయితే అంకె చేరితే మాత్రం నేనేం వెలగబెట్టాను? ఆ జులైలో వెస్ట్ నైల్ జాగ్రత్తల కాగితం మా మెయిల్ బాక్సులో పడింది. పిజ్జా కూపన్లతో కలిపి చెత్తలో వేశాను. అమ్మానాన్నలేమో రోజూ ఎండ తగ్గాక, ఎనిమిదిన్నరకి, అపార్టుమెంటు వెనక చెరువు చుట్టూ వాకింగ్. క్యూలెక్స్ సరిగ్గా కుట్టే వేళ అది! తెలుగు పెద్దవాళ్ళంతా అక్కడే బెంచీల మీద కూచునేవాళ్ళు. మావాళ్ళకి ఏమీ కాలేదు, అది అదృష్టం తప్ప నా జాగ్రత్త కాదు.

ఈ వేసవికి మీ ఇంటికి పెద్దవాళ్ళు వస్తుంటే మీ కౌంటీ దోమల పేజీ ఒకసారి తెరిచి చూడండి. చాలాచోట్ల ఏ వీధి దగ్గర బోనులో వైరస్ దొరికిందో కూడా పెడుతున్నారు. వాకింగ్ కాస్త పొద్దెక్కాక పెట్టుకోమనండి, సాయంత్రమే వెళ్తామంటే పొడుగు చేతుల చొక్కా, డీట్ ఉన్న క్రీము. మా నాన్న ఆ క్రీము వాసనకి నెలరోజులు సణిగారు. సణగనివ్వండి, పర్లేదు :)