టమాటాలో ఎరువెంత... సారమెంత?

వరంగల్ లక్ష్మీపురం కూరగాయల మార్కెట్లో టమాటా గంప ముందు ఆగితే మొదటి ప్రశ్న ఒకటే. ‘‘అక్కా, నాటువి కావాల్నా, హైబ్రీడువి కావాల్నా?’’ నాటువి పుల్లగా ఉంటాయి, చారుకు బాగుంటాయి. హైబ్రీడువి గట్టిగా ఉంటాయి, నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తాయి. ఏవి ఏరుకున్నా పక్కనున్నావిడ ఓ మాట అననే అంటుంది... ‘‘అన్నీ మందులేసి పండించినవే. ఇంక బలమేముంటది?’’

చిక్కంతా ఆ ‘మందు’తోనే. మన దగ్గర పురుగులకు కొట్టేదీ మందే, మొక్క మొదట్లో వేసే యూరియా, డీఏపీలూ మందే! పురుగుమందు కాయ మీద మిగిలిపోతే అదో సమస్య. ఎరువు కథ వేరు. అది కాయను విషం చేయదు. కానీ కాయలో ఏముండాలో, ఎంతుండాలో మార్చగలదు.

వంద గ్రాముల టమాటాలో సుమారు 94 గ్రాములు నీరే. మిగిలిన ఆ కాస్తలోనే చక్కెరలు, పులుపు, సి-విటమిన్, ఎర్రరంగునిచ్చే లైకోపీన్ అన్నీ సర్దుకోవాలి. యూరియాలో 46 శాతం నత్రజని. అది మోతాదు మించితే మొక్క ఏపుగా ఎదుగుతుంది, ఆకు దట్టమవుతుంది, కాయ ఊరుతుంది. ఆకుల నీడన పెరిగిన కాయకు ఎండ సరిగా తగలదు. ఎండ తగలకపోతే సి-విటమిన్ తగ్గుతుంది. కాయ బరువు పెరిగినంతగా లోపలి సారం పెరగదు. పాలలో నీళ్లు కలిసినట్టన్నమాట!

పొటాష్ సంగతి దీనికి తిరకాసు. టమాటాకు రంగు, రుచి, పులుపు రావాలంటే పొటాష్ కావాలి. కానీ 45 కిలోల యూరియా బస్తా రైతుకు 270 రూపాయలలోపే దొరుకుతుంది. పొటాష్ బస్తా దానికి ఎన్నో రెట్లు. 2010లో కేంద్రం పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను అందులో కలపలేదు. దాంతో మిగతా ఎరువుల ధరలు పైకి పోయాయి, యూరియా ధర అక్కడే ఉండిపోయింది. చవగ్గా దొరికేదాన్నే ఓ గుప్పెడు ఎక్కువ చల్లాడని రైతును తప్పుపట్టి ఏం లాభం?

అసలు ఎరువుల బస్తాలే వద్దనుకున్న ఊరూ ఈ ప్రాంతంలోనే ఉంది. ఒకప్పటి వరంగల్ జిల్లా, ఇప్పటి జనగామ జిల్లాలోని లింగాల ఘన్‌పూర్ మండలంలో ఏనెబావి అనే చిన్న పల్లె. యాభైకి పైగా కుటుంబాలు, సుమారు 280 ఎకరాలు. పత్తి రైతుల ఆత్మహత్యలతో జిల్లా అల్లాడిన 1997-98 తర్వాతి కాలంలో ఆ ఊరివాళ్లు మెల్లగా దారి మార్చుకున్నారు. ముందు పురుగుమందులు మానేశారు, తర్వాత ఎరువులు. చెరువు మట్టి, పశువుల పెంట, వానపాముల ఎరువుతోనే వరి, పత్తితో పాటు కూరగాయలూ పండించారు. 2006లో ఊరంతా రసాయనాల్లేని సేద్యమని ప్రకటించుకుంది.

మరి అలా పండిన టమాటాలో బలం ఎక్కువా?

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు పదేళ్లపాటు రెండు రకాల మళ్లలో పండిన టమాటాలను ఎండబెట్టి దాచి పరీక్షించారు. 2007లో ఫలితాలు ప్రచురించారు. సేంద్రియ టమాటాలో క్వెర్సెటిన్ అనే పదార్థం 79 శాతం, కెంఫెరాల్ 97 శాతం ఎక్కువగా ఉన్నాయి. అయితే అందులో అసలు విశేషం మరొకటి. నేల బాగుపడి, పశువుల ఎరువు వేయడం తగ్గించిన కొద్దీ ఇవి పెరిగాయి! అంటే ఎరువు బస్తాలోదా, పేడకుప్పలోదా అన్నది ఒక్కటే కాదు, నత్రజని ఎంత అందిందన్నదీ ముఖ్యమే. పెంట ఎక్కువైనా కాయ నీరుగారేదే.

2013లో బ్రెజిల్ పరిశోధకులు చూసిన సేంద్రియ టమాటాల్లో సి-విటమిన్ 55 శాతం ఎక్కువ. కాకపోతే కాయ సైజు 40 శాతం తక్కువ. అలాగని అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పలేదు. 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, విటమిన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. వంగడం, ఎండ, కోసిన సమయం... వీటి ప్రభావం ఎరువు కంటే తక్కువేం కాదు మరి. ఓరుగల్లు ఎండలే తీసుకోండి. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే లైకోపీన్ తయారీ మందగిస్తుంది. మే నెల టమాటా ఎర్రబడకుండా పసుపు, నారింజ రంగులో ఉండిపోయేది అందుకే. దానికి ఏ ఎరువూ విరుగుడు కాదు.

ఇక వంటింట్లో మనం చేయగలిగింది కొంత ఉంది. సి-విటమిన్ వేడికి పోతుంది. లైకోపీన్ మాత్రం నూనెలో మగ్గితేనే ఒంటికి బాగా పడుతుంది. పచ్చి ముక్కలు కొన్ని, నూనెలో మగ్గిన పచ్చడి కొంత... రెండూ పళ్లెంలో ఉంటే మంచిదే. కొనేటప్పుడు పెద్ద కాయల కోసం వెతక్కుండా, తొడిమ దాకా ఎర్రగా పండిన చిన్నవాటిని ఏరుకోవచ్చు.

కానీ రైతు చిన్న కాయ ఎందుకు పండించాలి? మార్కెట్లో కాటా తూచేది బరువునే. కాయలోని నీటికీ, సారానికీ ఒకే ధర. నలభై శాతం సైజు తగ్గితే ఆ నష్టం ఎవరు భరిస్తారన్నది లక్ష్మీపురంలో గానీ, మదనపల్లెలో గానీ ఇంకా ఎవరూ తేల్చలేదు.